కుడి చివరి కిటికీ

నిచ్చెన దిగి వచ్చిన నైజెల్, రాళ్ళ మధ్య నుంచి గీకిన పొడిని డోరా ముందు పట్టాడు.

“ఇది సున్నం కాదమ్మా, సిమెంటు.”

డోరా ఆల్డర్సన్ తలెత్తలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. తన తర్వాత యార్క్‌షైర్ కొండల్లోని ఆ రాతి ఇంటిని ఎవరూ పడగొట్టకుండా పాత కట్టడాల పట్టికలో చేర్చమని ఆమే అర్జీ పెట్టుకుంది. జిల్లా ఆఫీసు నుంచి వచ్చిన నైజెల్ పొద్దుటి నుంచి ఇంటిని మెచ్చుకుంటూనే ఉన్నాడు. నట్టనడుమ తలుపు, దానికి అటూ ఇటూ సరిసమానంగా కిటికీలు, నునుపుగా చెక్కిన మూలరాళ్ళు. రెండొందల ఏళ్ళు దాటినా గోడ గీత తప్పలేదు. మేడమీద కుడి చివరి కిటికీ ఒక్కటే రాళ్ళతో పూడ్చి ఉంది.

“పూర్వం ఇంటికున్న కిటికీలు లెక్కపెట్టి రాజుగారు వేసే పన్ను తప్పించుకోవడానికి మూసేశారన్నారు కదా?”

“అందరికీ అలాగే చెబుతూ వచ్చాను బాబూ.”

“ఆ రోజుల్లో ఇక్కడ సిమెంటెక్కడిది? మహా అయితే యాభై అరవై ఏళ్ళ కిందటి పని.”

ఆమె ముఖం చెవులదాకా ఎర్రబడింది. నైజెల్‌కి జాలేసింది.

“దీనికే అంత సిగ్గెందుకమ్మా? పట్టికలో చేరడానికి ఇదేం అడ్డు కాదు. తెరిపిస్తే ముందుగోడకి పోయిన కళ తిరిగొస్తుంది.”

“వద్దు.”

ఇద్దరూ మేడెక్కారు. డోరా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గదిలో చీకటి. నైజెల్ టార్చి వేసి, పూడ్చిన చోట చెయ్యి పెట్టి చూశాడు. ఛాతీ ఎత్తున గోడ నున్నగా అరిగిపోయి ఉంది.

“ఇక్కడ బీరువా ఏమైనా ఉండేదా?”

“లేదు.”

“మరి కిటికీ మూసిందెవరు? మీ నాన్నగారా?”

“రాళ్ళు పేర్చింది నాన్న. సిమెంటు కలిపింది నేను. మూసెయ్యమని ఏడ్చి గోల చేసిందీ నేనే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నన్ను చేసుకోబోయే ఆయన తల్లి ఆ ఆదివారం టీకి వస్తానంది.”

నైజెల్ నవ్వేశాడు. “కాబోయే అత్తగారి కోసం ఇంత చక్కటి ఇంటికి ఓ కన్ను పొడిచేశారన్నమాట!”

డోరా నవ్వలేదు.

“దారి మలుపు తిరగ్గానే ముందు కనబడేది ఈ కిటికీయే బాబూ.”

“కనబడితే ఏమయింది?”

ఆమె గుమ్మం దాటి వచ్చి, గోడ అరిగిన చోట అరచెయ్యి ఆనించింది.

“పొద్దస్తమానం ఇక్కడే నిలబడే, బుద్ధి ఎదగని మా తమ్ముడు కనబడేవాడు.”