ఎవరూ చూడని దొంగతనం

“అయ్యో! ఆ ముసలాయన్ని ఎందుకు కొడుతున్నారండీ?” అంది కొత్తగా కాపురానికొచ్చిన భార్య, టీవీ వైపు చూస్తూ.

బస్సు డ్రైవరైన ఆమె భర్త నాలిక కరుచుకున్నాడు. పాత రాజుల కాలం నాటి ఆ వీడియోగేమ్ ఆడటం అతనికి ఇవాళే మొదలు. ఆటలో తను ఆడించే మనిషికి ఆకలేస్తే ఓ ఇంట్లో దూరి రొట్టె ఎత్తుకొచ్చాడు. నింద ఆ ఇంటి ముసలి పనివాడి మీద పడి, భటులు ఆయన్ని కొడుతున్నారు.

“రొట్టె మీరే తీశారని చెప్పేయండి,” అంది భార్య.

“చెబితే నన్ను జైల్లో తోస్తారే! అయినా ఎవరూ చూళ్లేదుగా.”

“నేను చూశాను కదండీ,” అందామె మెల్లగా.

ఆటేగా అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తన మనిషిని తీసుకెళ్లి భటుల ముందు నిలబెట్టాడు. ముసలాయన్ని వదిలేశారు. ఆయన కుంటుకుంటూ వెళ్లాడు.

“ఇందాకే చెప్పాల్సింది,” అన్నాడు డ్రైవరు, భార్య మొహంలోకి చూడలేక.