ఏడో భాగం, మొదటి అచ్చు

“ఏటి నాన్నా, ఆగిపోనావు? దొంగెవులో సెప్పు!”

త్రినాథరావు దగ్గాడు. సరిగ్గా ఆఖరి పేజీకి వచ్చేసరికి తగులుకుంది దగ్గు. ఎదురుగా గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న కూతురు చిన్నతల్లి, ఆయన రైల్వే గార్డు కోటు అంచు గుప్పిట్లో పట్టుకుని ఊపేస్తోంది. పిల్లకి పన్నెండేళ్లు. మూడో ఏట అమ్మవారు పోసి చూపు పోయింది. కథలంటే ప్రాణం. అందులోనూ డిటెక్టివ్ పానకాలు పుస్తకాలంటే అన్నం కూడా అక్కర్లేదు.

“గొంతారిపోతందమ్మా. కనకం, కాసిన్ని నీళ్లు తే!”

“సెంబు మీ పక్కనే ఉన్నాది,” వంటింట్లోంచి భార్య కేకేసింది. “అయిదింటికి బండి. టిపినీ కట్టేసినాను. ఆ కతేదో బేగి తెమల్చండి.”

నిజమే, చెంబు మోకాలి పక్కనే ఉంది. గటగటా సగం తాగేశాడు. యార్డులో ఇంజను కూత వేసింది.

ఈ పుస్తకం కోసం ఆయన పడని పాట్లు లేవు. మొదటి ఆరు భాగాలూ తనే చదివి వినిపించాడు. ఆఖరిదైన ఏడో భాగం ఊళ్లోకి వచ్చినప్పుడు తను లైన్లో ఉన్నాడు. పిల్ల ఆగుతుందా? పక్క క్వార్టరు అప్పయమ్మ చేత ఆవిడ దగ్గరున్న మూడో అచ్చు చదివించుకుంది. జమీందారు గారి పచ్చల హారం కొట్టేసింది దివాను అని చెప్పిందావిడ. నెల తిరక్కుండా బుకింగ్ క్లర్కు బంగార్రాజు తన దగ్గరున్న రెండో అచ్చు చదివి, దొంగ వంటవాడన్నాడు. ఏదీ ఆ పుస్తకం ఇలా తెమ్మంటే, ఎవరో పట్టుకుపోయారన్నారు ఇద్దరూ. అచ్చు వేసినప్పుడల్లా కథ మార్చేస్తున్నారు కాబోలు వెధవలు, అనుకున్నాడు త్రినాథరావు. చిన్నతల్లి మాత్రం పట్టు పట్టింది.

“నాకు మొదటి అచ్చే కావాల. రాసినోడు ముందుగాల ఏటి రాసినాడో అదే కావాల.”

బిలాస్‌పూర్‌లో తెలుగు పుస్తకం దొరకడమే గగనం, ఆపైన మొదటి అచ్చట! కనిపించిన గార్డునల్లా బతిమాలాడు. రాయపూర్ నుంచి విజయనగరానికి కొత్తగా లైను పడింది కాబట్టి సరిపోయింది. అక్కడ ఎవరి అటక మీదో దొరికి, ముగ్గురు గార్డుల పెట్టెల్లో చేతులు మారి, నిన్ననే బండి చివరి బ్రేక్‌వాన్‌లోంచి దిగింది.

తీరా చూస్తే దొంగ మల్లిక!

మల్లిక ఆ జమీందారు ఇంట్లో పూలు కట్టే గుడ్డిపిల్ల. ఏడు భాగాల్లోనూ చిన్నతల్లికి ఇష్టమైన మనిషి ఆ ఒక్కతే. మల్లిక గోడ తడమకుండా అడుగులు లెక్కపెట్టుకుని నడుస్తుందని విన్నప్పటి నుంచి, ఈ పిల్ల కూడా లెక్కపెట్టుకుంటూ ఒక్కతే వీధి కుళాయి దాకా వెళ్లి వస్తోంది. అలాంటి మల్లిక చేతులకి ఆఖరి పేజీలో బేడీలు వేయించాడు ఆ రాసినవాడు. వాడి చెయ్యి పడిపోను! ఈ మాట ఏ నోటితో చదవడం? రేపటి నుంచి పిల్ల మళ్లీ గోడ పట్టుకుంటే?

“నాన్నా!”

“ఆఁ, ఆఁ... దొంగ... డాక్టరు తల్లీ.”

అనేసి, టప్పున పుస్తకం మూసి కింద పెట్టి లేచాడు. గబగబా కోటు బొత్తాలు పెట్టుకోబోతే ఒకటి తప్పు కాజాలో పడింది.

“డాక్టరా?”

“డాక్టరే. మరి నాను డ్యూటీకెళ్లాల.”

చిన్నతల్లి కోటు అంచు వదల్లేదు.

“అచ్ఛా. అప్పయమ్మ పెద్దమ్మ దివానంది. బంగార్రాజు మావ వంటోడన్నాడు. నువ్వు డాక్టరంటన్నావు.” కోటు వదిలి ఒక్కొక్క వేలూ మడిచింది. “ఆఖరి పేజీ కాడికొచ్చి ముగ్గురికీ దగ్గొచ్చినాది. ముగ్గురూ నీళ్లడిగినారు.”

త్రినాథరావు చెయ్యి బొత్తాం మీదే ఆగిపోయింది. అంటే ఏ అచ్చులోనూ కథ మారలేదు! అన్నిట్లోనూ ఉన్నది ఈ మాటే. అప్పయమ్మా, బంగార్రాజూ కూడా తనలాగే పిల్ల మొహం చూసి చదవలేకపోయారు.

“నాకు సెప్పడానికి అందరూ బయపడే దొంగ ఒకర్తే ఉంటాది గదా నాన్నా. మల్లిక.”

ఆయన నాలుగడుగులు వెనక్కి వేశాడు. గడప మీద చతికిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“అదంతా ఉత్త కత తల్లీ. ఎవుడో తలమాసినోడు రాసినాడు. నువ్వు మనసులో ఎట్టుకోకు. నీకు నాను ఇంకో మంచి పుస్తకం తెస్తాను.”

చిన్నతల్లి నేల మీద తడిమి పుస్తకం పట్టుకుంది. సరిగ్గా నాలుగడుగులు లెక్కపెట్టుకుని వచ్చి, దాన్ని తండ్రి ఒళ్లో పడేసి పకపకా నవ్వింది.

“దొంగ మల్లికని నాకు మూడో బాగంలోనే తెలిసిపోనాది నాన్నా! సూపు లేకండా అంత హారం ఎలగ కొట్టేసినాదో, మీరు ముగ్గురూ మింగేస్తన్నారే, అది సదువు!”