మంచం బొమ్మ

“ఇంకా తేలిగ్గా ఉండాల తల్లీ,” అంది రాజులమ్మ, ఫోను బల్లమీద పెట్టేసి.

నీలిమ నోటుబుక్కులో రాసుకుంది. పాత వెబ్‌సైటులో డయాలసిస్ బెడ్డు పట్టాలంటే తొమ్మిది చోట్ల నొక్కాలి. కొత్తదాంట్లో ఆమె దాన్ని నాలుగుకు దించింది. కాశీబుగ్గలో ఆరు బెడ్లతో నడిచే తీరం సేవా సంఘం ఈ పని అప్పగించినప్పుడు, ముందు వాడేవాళ్లకి చూపించాకే మారుస్తానని నీలిమ షరతు పెట్టింది. వాడేవాళ్లలో మొదటి పేరు రాజులమ్మదే. కొడుకు యువరాజుకు మంగళవారం, శుక్రవారం బెడ్డు పట్టేది ఆవిడే. రెండేళ్లలో ఒక్క వారమూ తప్పలేదు.

మంచినీళ్లపేట నుంచి రెండు ఆటోలు మారి సంఘం ఆఫీసుకు వచ్చింది. చెప్పులు విప్పి పాదాలు కుర్చీ కిందికి లాక్కుంది. వాటి మీద చెప్పుల పట్టీల గుర్తులు లోతుగా పడి ఉన్నాయి. ఒళ్లో ల్యాబు కవరొకటి బోర్లా పెట్టుకుంది.

“నాలుగు నొక్కులు కూడా ఎక్కువేనా పిన్నీ? మీరు గబగబా నొక్కేశారు కదా.”

“నాను నొక్కుతాను. మా ఓడు నొక్కాల.”

కిటికీ దగ్గర కూర్చున్న సంఘం కార్యదర్శి చంద్రమౌళి నవ్వాడు. “ఇరవై ఆరేళ్లొచ్చినాయి ఆడికి. రోజంతా ఫోన్లో వీడియోలు సూత్తాడు. బెడ్డు మాత్రం అమ్మే పట్టాలి.”

“ఆడికి సదువు రాదు బాబూ. ఐదో తరగతిలోనే వాళ్లయ్య సేపల ఏటకి పడవెక్కించీసినాడు. ఆయనా పోయినాడు.”

“నువ్వుండగా ఆడికేటి బెంగ?”

రాజులమ్మ ఒళ్లోని కవరు దగ్గరికి లాక్కుంది.

“ఆ కవరేటి, యువరాజు రిపోర్టులా? మొన్ననే కదా పరీక్షలు సేయించినాం.”

“సేయించినారు బాబూ,” అని కవరు మీద అరచెయ్యి వేసుకుంది.

అటెండరు టీ తెచ్చాడు. ఆమె వద్దంది. “పొద్దున్న గలాసుడు నీల్లు తాగినాను. సాలు.”

“ఇంత ఎండలో గ్లాసుడు నీళ్లేనా?” అంది నీలిమ.

“డాక్టరు సెప్పినట్టు కొడుక్కి నీళ్లు కొలిసి పోసీ పోసీ తనూ కొలుసుకుంటంది,” అన్నాడు చంద్రమౌళి. “ఇంతకీ నీలిమా, నా సన్మానం ఫొటో పైనే ఉంటాదా?”

“కిందికి పోతుంది సార్. పైన బెడ్లుంటాయి.”

ఆయన ముఖం మాడ్చుకుని టీ అందుకున్నాడు. నీలిమ రాజులమ్మ వైపు తిరిగింది. “చదవడం రానివాళ్లకి ఎలా ఉంటే బాగుంటుంది పిన్నీ?”

రాజులమ్మ ముందుకు వంగింది. ఈ మాట కోసమే వచ్చినట్టుంది.

“అచ్చరాలొద్దు. మంచం బొమ్మెట్టు, పెద్దది. ఏలు ఎక్కడేసినా దానిమీదే పడాల. రేపు మంగలారం, బెడ్డు పట్టుకో అని పైకి సెప్పాల.”

“చెప్పించొచ్చు.”

“ఆడు ఇనకపోతే మల్లీ సెప్పాల. తొంగున్నా, పొరుగూరెల్లినా సెప్పాల. అప్పటికీ పట్టకపోతే మీకు తెలియాల. ఎవలో ఒకలు ఇంటికొచ్చి ఆడ్ని లేపాల. ఒక్క మంగలారం తప్పితే ఊపిరాడదమ్మా ఆడికి. నోరు తెరిసి మాటాడలేడు. తలుపు మూసుంటే లోపలున్నాడని ఎవలికి తెలుత్తాది?”

“ఆడి నోట్లో ముద్దలు కూడా వెబ్‌సైటే పెట్టాలేటి?” అన్నాడు చంద్రమౌళి.

నీలిమకు నవ్వొచ్చింది. రాజులమ్మ మాత్రం నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు.

“పెడితే బాగుణ్ను బాబూ,” అంది.

నీలిమ నవ్వు ఆపుకుని అన్నీ రాసుకుంది. మంచం బొమ్మ, వినిపించే మాట, పట్టకపోతే సంఘానికి కబురు. “చేస్తాను పిన్నీ. ఒక్క నొక్కుతో అయిపోయేలా చేస్తాను.”

“మంగలారం లోపు అయిపోద్దా?”

“రెండు వారాలు పడుతుంది.”

“రొండు వారాలు.” రాజులమ్మ వేళ్లమీద లెక్కపెట్టుకుంది. “అప్పుడు ఆడ్ని కూకోబెట్టి నేర్పుతాను.”

“ఇంకొక్క పేజీ ఉంది, చూసి వెళ్లండి. కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్లు పేరు నమోదు చేసుకునేది. ఉత్తుత్తినే నింపండి. ఏదో ఒక పేరు రాయండి, తరవాత నేను తీసేస్తాను.”

“తీసెత్తావా?”

“ట్రయలే కదా.”

రాజులమ్మ ఫోను అందుకుంది. ఇందాక గబగబా నొక్కిన వేళ్లు ఇప్పుడు ఒక్కో అక్షరం దగ్గరా ఆగాయి.

“ఈ గడిలో ఏటి రాయాల?”

“క్రియాటినిన్, అంటే కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే అంకె రాయాలి. రిపోర్టులో ఉంటుంది. మీకు తోచిన అంకె వెయ్యండి.”

ఆమె కవరు కాస్త తెరిచి లోపలికి చూసి, అంకె వేసింది.

“కూడా వచ్చీవోల పేరంట. ఇది ఒగ్గీయొచ్చా?”

“వదిలేస్తే పేజీ ముందుకెళ్లదు పిన్నీ.”

“కూడా ఎవలూ లేనోల్లు ఉంటారు కదమ్మా. ఆలేటి సేత్తారు?”

నీలిమ కలం ఆగింది. తనకు తట్టని సంగతి. ల్యాప్‌టాప్ తీసి ఆ నిబంధన అక్కడికక్కడే తొలగించింది. “భలే చెప్పారు. ఇప్పుడు నొక్కండి.”

పేజీ ముందుకెళ్లింది. నీలిమ తెర మీద వివరాలు వచ్చాయి. రాజులమ్మ. యాభై ఒకటి. మంచినీళ్లపేట. క్రియాటినిన్ ఏడు పాయింట్ రెండు.

“మీ పేరే రాసేశారా!” నీలిమ నవ్వింది. “అంకె మాత్రం యువరాజుది వేశారు. సరే, పేజీ బాగానే పనిచేస్తోంది. తీసేస్తున్నా.”

రాజులమ్మ చెయ్యి చాచి ఆమె వేళ్లను పట్టుకుంది.

“తియ్యకు తల్లీ. ఉండనీ.”

రెండో చేత్తో కవరును బల్లమీద వెల్లకిలా పెట్టింది.

దానిమీద ఉన్న పేరు కూడా రాజులమ్మదే.