కుండ అడుగున తెల్ల పొర

మణి చనిపోయిన రోజే ఆ కుండ దొరికింది.

పనికి వలసొచ్చిన ఎడారి దేశంలో, జల్లాఖ్ ఊరి దారిలోని పాత దిబ్బ పురావస్తు తవ్వకంలో గోతి గోడ కూలింది. మణి మట్టి కింద పూడిపోయాడు. కుండ మాత్రం పగలలేదు.

మణి వాళ్ల అన్న సైమన్ కూడా అక్కడే కుండపెంకులు కడుగుతాడు. ఆ రోజు సెలవులో ఉన్నాడు. అప్పుడు గోతి దగ్గర ఉన్నది మేస్త్రీ ఇస్హాఖ్ అని తర్వాత విన్నాడు.

‘కుండ కోసం నా తమ్ముణ్ని దింపిండు.’

గుదైబియాలో అన్నదమ్ములుండే గదిలో మణి ఖాళీ మంచం చూసినప్పుడల్లా అదే మాట.

మూడు నెలలుగా ఇస్హాఖ్ ఆ కుండను వదలడం లేదు. చేతుల గ్లౌజులు తీయడం లేదు.

"గంత కాపలా ఏంది భాయ్? బంగారమున్నదా?" అడిగాడు సైమన్.

"బీరున్నది తమ్మీ. నాలుగు వేల ఏండ్ల కిందటిది. అడుగున తెల్ల పొర చూడు. బార్లీ పులిసిన గుర్తు."

"అయిదు పూటల నమాజు చేస్తవు. నీకెందుకు బీరు ముచ్చట?"

ఇస్హాఖ్ నవ్వాడు. "రేపు ల్యాబోళ్లొస్తరు. దీన్ని మాత్రం కడగకు. యాసిడ్ తాకిందా, ఖలాస్."

మధ్యాహ్నం ఇస్హాఖ్ నమాజుకు వెళ్లాడు.

పెంకులకు పట్టిన సున్నం వదిలించే యాసిడ్‌ను సైమన్ కుండలో పోశాడు. నురగ పొంగింది. బ్రష్‌తో అడుగంటా తోమాడు.

"మంచిగ కడిగిన భాయ్. నా పని గదే కదా!"

తిరిగొచ్చిన ఇస్హాఖ్ కుండలోకి చూశాడు. తిట్టలేదు. గ్లౌజులు విప్పి బల్ల మీద పెట్టాడు. కొన్ని వేళ్లకు గోళ్లు లేవు.

ఆ వారమే పని మానేసి నిజామాబాద్ వెళ్లిపోయాడు.

రిజిస్టరు రాసే మెహక్, కుండ పక్కన పెట్టాల్సిన కార్డు తెచ్చింది.

"సైమన్ భాయ్, కుండ ఇంక మ్యూజియంకు పోదంట. ఇది మీరే ఉంచుకోండి."

‘కనుగొన్నవారు: మణి.’

"కూలీల పేరు రాయరు. ఇస్హాఖ్ భాయ్ రోజూ ఆఫీసు చుట్టూ తిరిగి రాయించిండు."

"గోతిలకు తోలింది ఆయనే కదా?"

"గోడ కదులుతుందని వద్దన్నడు. మణి వినలే. తమ్ముడిదే తప్పంటే మీరు తట్టుకోలేరని, ఎవ్వరినీ చెప్పనియ్యలే."

సైమన్ కార్డు మీది పేరును వేలితో తడిమాడు.

"మణికి పార తగుల్తదని ఆయన చేతుల్తోనే మట్టి తోడిండు, భాయ్."

ఇస్హాఖ్ నంబరు సైమన్ దగ్గర ఉంది.

తమ్ముడి కోసం గోళ్లు ఊడేదాకా మట్టి తోడిన ఆ మనిషికి అతడు ఇంకా ఫోన్ చేయలేదు.