ఆఖరి పది నిమిషాలు

"ఆ ఖైదీ ఇల్లు చేరలేదన్నా. గోడ దుంకంగనే కాల్చేసిన్రు" అన్నాడు హన్మాండ్లు, గదిలోకి వస్తూనే.

నబీ రసూల్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఒకప్పుడు హైదరాబాదులో ఇంగ్లీషు సినిమాలాడే హాల్లో గేట్‌కీపరు. ఇప్పుడు సౌదీలోని హాయిల్‌లో, వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని, కఫీల్, కారు డ్రైవరు.

నాలుగేళ్ల కిందట, అదే కఫీల్ తోటలో పనికొచ్చిన హన్మాండ్లు ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తే, తన హాల్లో ఆడిన ఓ పాత సినిమా కథ చెప్పింది నబీ రసూలే. ఖైదీ గోడ దూకి ఇల్లు చేరి, పెళ్లాం చేతి రొట్టె తిన్నాడని ముగించాడు. ఆ రోజే హన్మాండ్లు మళ్లీ కంచం ముందు కూర్చున్నాడు.

ఇవాళ అదే సినిమా ఊళ్లో మాల్‌లో వేస్తే, పోయి చూసొచ్చాడు.

"ఎందుకట్ల చెప్పినవ్?"

"ఆఖరు పది నిమిషాలు నేనెప్పుడూ చూడలేదప్పా. ఆట ఇడిసేలోపల తలుపులు తీసేకి పోవల్ల."

"మరి ఇల్లు చేరిండని నీకెట్ల తెల్సు?"

"చేరలేదనే తెలుసు. జనం కండ్లు తుడుచుకుంటా బయటికొస్తాండ్రి. నువ్వు అన్నం తినల్లని అట్ల చెప్పినా."

హన్మాండ్లుకి అరబ్బీ రాదు. కఫీల్ ఏమన్నా నబీ రసూలే తెలుగులో చెప్పాలి.

"రంజాన్ కాంగనే ఇంటికి పోనీకి నాకు ఎగ్జిట్ కాయితం ఇస్తనన్నడని నిన్న చెప్పినవ్ గదా. కఫీల్ నిజంగ గదే అన్నడా?"

నబీ రసూల్ లేచాడు. అలవాటైన చేత్తో గడియ తీసి, తలుపు బార్లా తెరిచి, బయటికి నడిచాడు.