సీసపు గుళ్ల సంచి

"ముడి ఊడకపోతే?" గడపకు అడ్డంగా నిలబడి అడిగింది పెద్దింట్లమ్మ.

"ఊడుద్దే అమ్మా. జారుముడి. కొస లాగానంటే సంచి అడుక్కి, నేను పైకి," అన్నాడు కొడుకు దైవాధీనం.

బందరు రేవులో నీళ్లలో పడి మునిగిపోయిన సరుకు తీసే పని అతడిది. గుడివాడ రైసుమిల్లు కోసం స్టీమరులో వచ్చిన ఇనుప చక్రం, పడవ ఒరిగి కాలువలో పడింది. దానికి మోకు కట్టి రావాలి. అడుగుదాకా దిగడానికి నడుముకు సీసపు గుళ్ల సంచి కట్టుకుంటాడు. కొల్లేట్లో బాతుల్ని కొట్టే తుపాకీ గుళ్లే, రెండు వీశెలు.

"లాగినా రాకపోతే?"

"నీ నోట మంచిమాట రాదా అత్తా?" విసుక్కుంది కోడలు అమ్మాజీ.

పెద్దింట్లమ్మ సంచి తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. "పాతది చివికిపోయింది. కొత్తది కుట్టా. మూతి కూడా కుట్టేశా."

అతడు ఎత్తి చూశాడు. అడుగున నొక్కితే గుళ్లు తగిలాయి. "బరువు సరిపోయింది గానీ, ఇంత లావేంటే?"

"నాకొచ్చిన కుట్టు అదేరా."

గంజిలో వెయ్యడానికి అమ్మాజీ ఉప్పు జాడీ అందుకోబోయింది. అత్త చెయ్యి పట్టేసుకుంది. "గంగమ్మకి మొక్కుకున్నా. వాడు ఒడ్డెక్కిందాకా ఇంట్లో ఎవరం ఉప్పు ముట్టకూడదు."

"గంగమ్మ నయం, నీకంటే," అంటూ దైవాధీనం చప్పటి గంజి తాగి వెళ్లాడు.

అమ్మాజీ కూడా రేవుకు వెళ్లింది. మిల్లు గుమాస్తా మధుసూదనరావు గారు గొడుగు కింద నిలబడి చూస్తున్నారు. దైవాధీనం మోకు కొస పట్టుకుని పడవ మీంచి మునిగాడు. కాసేపటికి మోకు రెండుసార్లు కదిలింది. చక్రానికి కట్టేశాడని గుర్తు. ఇక పైకి రావాలి.

రాలేదు. నీళ్ల మీద బుడగలు ఆగిపోయాయి. పడవలోవాళ్లు దూకబోతుండగా తల తేలింది.

"ముడి బిగుసుకుపోయింది," అన్నాడు, ఊపిరందక. "ఎంత లాగినా రాలేదు. అయిపోయాననుకున్నా. ఉన్నట్టుండి సంచి తేలికైపోయిందండీ, ఎవరో కింద చెయ్యేసి ఎత్తినట్టు."

సంచి ఇంకా నడుముకే వేలాడుతోంది. ముడి వీడలేదు, కుట్టు తెగలేదు, చిల్లన్నది లేదు. కోసి చూస్తే అడుగున గుప్పెడు గుళ్లు మిగిలాయంతే.

"మిగతావి ఏమయ్యాయిరా?" అన్నారు గుమాస్తా గారు. ఆయన చెప్పులు విడిచి కాలువకు దణ్ణం పెట్టారు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పారు. పెద్దింట్లమ్మ కొడుకు తల పదేపదే తుడుస్తూ కూర్చుంది.

"మొక్కు తీరిందిగా అత్తా, ఇక కూరలో ఉప్పేస్తున్నా," అని అమ్మాజీ జాడీ మూత తీసి చెయ్యి పెట్టింది.

ఉప్పు పలుకు ఒక్కటి లేదు. చల్లగా, నున్నగా, చేతినిండా సీసపు గుళ్లు.