మీసం పూచీ

“ఖర్జూరం పూత విచ్చుకుని నాలుగు రోజులైంది. ఇంకో రెండు రోజులు దాటితే చెట్టెక్కి మగపూత పెట్టినా కాయ నిలవదు. చెట్లెక్కే దఖీల్‌ని పిలవనా, వద్దా?” నష్మియా గుమ్మంలో నిలబడి మొగుణ్ణి నిలదీసింది.

విరిగిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్న ఖయ్యూన్ కస్సుమన్నాడు. “పిలిచావో, ఊరుకోను! ముతష్షర్ మాటిచ్చాడు. ఇప్పుడు ఇంకొకడి చేత చెట్టెక్కిస్తే వాడి మీసం మీద ఉమ్మేసినట్టే.”

“ఆఁ, ఆ మీసమే కాస్తుందిలే మనకి ఖర్జూరాలు!”

ఖయ్యూన్ తలగడ కిందనుంచి చేతిగుడ్డ తీసి విప్పాడు. అందులో ఒకే ఒక్క నల్లటి వెంట్రుక. నాలుగు రోజుల కిందట ముతష్షర్ ఈ మంచం పక్కనే నిలబడి, పదిమంది చూస్తుండగా మీసంలోంచి దాన్ని పుటుక్కున పీకి ఇచ్చాడు. “నీ పదకొండు చెట్లూ నేనెక్కుతా అన్నా! ఎక్కకపోతే ఈ మీసం నాకొద్దు, గీయించేస్తా!” అన్నాడు. బస్రా దిగువన ఆ పల్లెల్లో అంతకు మించిన పూచీ లేదు.

అంతలో వీధిలో ముతష్షరే కనిపించాడు. దుమ్ముగాలికి తలగుడ్డ ముక్కు మీదిదాకా చుట్టుకున్నాడు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“ఒరేయ్, మోకు ఏదిరా?” కిటికీలోంచి అరిచాడు ఖయ్యూన్.

“ఈ గాలిలో ఎక్కితే పుప్పొడంతా ఎగిరిపోదూ? రేపు పొద్దున్నే వస్తా. నా కళ్ల మీద ఒట్టు!”

“సరే, లోపలికి రా. టీ తాగి పో.”

“ఇప్పుడు కాదన్నా, తొందర పనుంది!” అంటూ మాయమైపోయాడు.

మర్నాడు గాలి తగ్గింది. ముతష్షర్ రాలేదు. కడుపునొప్పని కబురు పంపాడు. దఖీల్ మాత్రం ఎవరూ పిలవకుండానే భుజాన మోకు వేసుకుని వచ్చాడు.

“నేనెక్కనా బాబాయ్? మధ్యాహ్నానికల్లా అయిపోతుంది.”

“వద్దురా నాయనా. మీసం పూచీ పెట్టినవాణ్ణి కాదని నిన్నెక్కిస్తే రేపు వాడు తలెత్తుకోగలడా?”

“నీ ఇష్టం. పూత మాత్రం ఎవరి కోసమూ ఆగదు.”

మూడో రోజు పొద్దున నష్మియా తోటలోంచి వచ్చి, రాలిన పూరెమ్మ ఒకటి ఖయ్యూన్ అరచేతిలో పెట్టింది. అతను వేలితో నలిపితే పొడిపొడిగా రాలిపోయింది.

“ఏడాది తిండి,” అని ఆమె గోడకు చేరగిలబడి ఏడ్చింది.

ఖయ్యూన్ ఆ పొడిని అరచేతిలోంచి దులిపేశాడు. ముప్పై ఏళ్ల స్నేహం! చేయలేనని ఒక్క ముక్క చెప్పి ఉంటే దఖీల్ ఎక్కేవాడు కదా. ఇంత ద్రోహమా!

అప్పుడే వారం వారం గడ్డం గీయడానికి వచ్చే మంగలి మిజ్బాన్ పెట్టె దించి కూర్చున్నాడు.

“నా గడ్డం తర్వాత చూద్దువుగాని, మిజ్బాన్. ముందు నీ కత్తి పట్టుకుని ముతష్షర్ ఇంటికి పద. నడివీధిలో, అందరూ చూస్తుండగా వాడి మీసం గీసెయ్!” ఖయ్యూన్ చేతిగుడ్డ విప్పి వెంట్రుక చూపించాడు. “ఇదిగో వాడి పూచీ!”

కత్తి నూరుతున్న మిజ్బాన్ తెల్లబోయి చూశాడు.

“ఇంకెక్కడి మీసం మామా? నీకు మాటిచ్చిన సాయంత్రమే నా దగ్గరికొచ్చి, ‘ఖయ్యూన్ అన్నతో పేచీ ఉండకూడదు, ఇప్పుడే నున్నగా గీసెయ్’ అన్నాడుగా!”